కోడలి దవడ పన్ను

మా కోడలి దవడ వాచిన వారంలో ఇస్త్రీ బండికి పరదా కట్టే పని తప్పింది. ఆ బుగ్గ నీడే బండికీ నాకూ సరిపోయింది. నేను చెప్పేవాటిలో సగం నమ్మితే చాలు. మిగతా సగం మా ఆవిడ బతికున్న రోజుల్లోనే ఎవరూ నమ్మలేదు.

కానీ ఈ మాట మాత్రం పూర్తిగా నమ్మండి. చేతిలో బొగ్గుల పెట్టె, నోట్లో నిప్పు, అయినా ఆ వారమంతా ఒక్క చొక్కా కాలర్ కూడా మాడనివ్వలేదు మా కోడలు.

మా వాడు నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని పెళ్ళానికి సలహా చెప్పాడు.

"పీకించేసుకోవే, పీడా పోతుంది. పెద్దాసుపత్రిలో ఊరికే పీకుతారు."

"ఊరికే పీకుతారంటే పీకించుకోవడమేనా?"

"అబ్బా, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమే?"

"ఊడగొట్టుకునేవాళ్ళకి ఏ రాయైనా ఒకటేనండీ. నేను ఉంచుకుందామనుకుంటున్నా. మీరు నోరు మూసుకుని తినండి."

నోరు మూసుకుని ఎలా తినాలో తెలియక వాడు ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

కొడుకు వైపు ఒక మాట వేద్దామని నేనూ నోరు తెరిచాను. "పీకించుకోవడం పెద్ద కష్టమేం కాదమ్మా. నాకు పీకినప్పుడు మా ఊరి మంగలి నా గుండెల మీద కాలు పెట్టి లాగాడు. వేరు కాలిదాకా దిగినట్టుంది, ఎంతకీ రాదే! తీరా బయటికొచ్చాక చూసుకుంటే నా ఎడమకాలు బెత్తెడు పొట్టిదైపోయింది."

"మరి నన్నూ కుంటమంటారా మావయ్యా?" అంది. సాయం చెయ్యబోయి కొడుకుని ఇంకా ముంచాను.

ఆమె పట్టుదల పన్ను కోసమే కాదు. వాళ్ళమ్మ ఒకటి నెప్పెడితే ఒకటి, ఇంకోటి నెప్పెడితే ఇంకోటి, అన్నీ ఊరికే పీకించుకుంది. చివరికి నవ్వొచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేది. "నాకా కొంగు వద్దు మావయ్యా. ఉన్న పన్ను నాకు ఉండాలి," అంది కోడలు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మా ఇంటి ఉలిపికట్టె అంటే నాకు మొదటినుంచీ ఇష్టమే. ఆమె ముందు ఎప్పుడూ అనను, నెత్తికెక్కుతుంది.

మర్నాడు ఇద్దరం మెయిన్ రోడ్డు మీది పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చల్లటి గది, గోడవారన చేపల తొట్టి. వేరుకి వైద్యం చేసి పన్ను నిలబెట్టడానికి ఎంతవుతుందో చెప్పారు. ఆ అంకె విని వాచిన బుగ్గ కూడా ఒక్క క్షణం చప్పబడింది. మెట్లు దిగుతుంటే అక్కడ పనిచేసే నర్సమ్మ వెనకాలే వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, పళ్ళ కాలేజీకి వెళ్ళు. చదువుకునేవాళ్ళు చేస్తారు, పక్కన పెద్ద డాక్టరుంటాడు. మనకి అందే ఖర్చులో అయిపోతుంది. కాకపోతే ఓపిక ఉండాలి."

"ఓపికేగా," అంది మా కోడలు.

ఆ కాలేజీలో పెద్ద హాలు. వరసగా కుర్చీలు, కుర్చీకొక తెరిచిన నోరు. తల్లిపిట్ట కోసం ఎదురుచూస్తున్న గూడులా ఉంది. మాకు దొరికిన డాక్టరమ్మ చదువుకుంటున్న పిల్ల. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది, చేతులు మాత్రం కదలవు. ఒక్కో పనీ ముగించి చెయ్యెత్తి నిలబడాలి. పెద్ద డాక్టరు వచ్చి చూసి "ఊఁ" అంటేనే తర్వాతి పని. ఆ "ఊఁ" కోసం కాచుకోవడంలోనే సగం పొద్దు పోతుంది. అలా మూడు పూటలు వెళ్ళాం. ఇంటికొచ్చాక గుట్టలుగా పడున్న బట్టల ముందు నిలబడి ఇస్త్రీ పెట్టె అందుకునేది కోడలు.

మూడో పూట పని ఆగిపోయింది. పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి డాక్టరమ్మ లోపల వెతుకుతోంది. వేరులో మూడు దారులు దొరికాయట. వెంట్రుకంత సన్నటి నాలుగోది ఉన్నట్టే ఉందిగానీ దొరకడం లేదు. దాన్ని శుభ్రం చెయ్యకుండా మూసేస్తే మళ్ళీ చీము పడుతుంది. ఆ పిల్ల కళ్ళజోడు వెనక నీళ్ళు తిరిగాయి.

పెద్ద డాక్టరు వంగి చూశాడు. గడియారమూ చూశాడు. "ఎందుకమ్మా ఇంత తంటా? తీసేస్తే సరిపోతుంది. పీకే గదికి పంపించు," అన్నాడు. కోపంగా కాదు. రోజూ ఎంతోమందికి అనే మాటే అన్నాడు.

నోట్లో గుడ్డ ఉంది, మాట రాదు. మా కోడలు చెయ్యి పైకెత్తి అడ్డంగా ఊపింది. రెండో చెయ్యి కుర్చీ చేతిని ఉడుములా పట్టుకుంది. డాక్టరమ్మ గబగబా గుడ్డ తీసింది.

"సారూ, ఇది మీ పన్నే అయితే తీయించుకుంటారా?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారుగానీ, పెద్ద డాక్టరు అంతకన్నా పెద్దవాడు కదా!

ఆయన మా కోడలి వైపు చూశాడు. ఈసారి నోట్లోకి కాదు, మొహంలోకి.

"తీయించుకోనమ్మా," అన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "గుడ్డ మళ్ళీ బిగించు. అద్దం ఇలా వంచి పట్టుకో. నువ్వే వెతుకు, నేను చూస్తుంటాను."

ఎంతసేపు పట్టిందో చెప్తే నా అలవాటు కొద్దీ అబద్ధమే అవుతుంది. వాళ్ళు ముగ్గురూ కదల్లేదు. నేను కూడా కదల్లేదు, నాకెవరూ చెప్పకపోయినా. చివరికి డాక్టరమ్మ, "దొరికింది సార్!" అని గట్టిగా అరిచింది. ఆ కేకకి ఎదురు కుర్చీలో ఆయన ఎవరూ అడక్కుండానే నోరు ఇంకాస్త తెరిచాడు.

పెద్ద డాక్టరు లేచి "ఊఁ" అన్నాడు. కొడుకు పెళ్ళినాడు కూడా నా ఛాతీ అంత పొంగలేదు. చొక్కా గుండీ ఒకటి ఎగిరి గోడకి తగిలింది. నమ్మితే నమ్మండి.

గుమ్మం దగ్గర రెండు బల్లలున్నాయి. పీకించుకునేవాళ్ళది ఒకటి, బాగుచేయించుకునేవాళ్ళది ఒకటి. నేను వెళ్ళి రెండోదాని మీద కూర్చున్నాను. పీకించుకునే బల్ల మీద బుగ్గకి చెయ్యి ఆనించుకున్న ఒకావిడ ఇదంతా చూస్తూ కూర్చుంది.

"పెద్దాయనా, ఆవిడ మీ కూతురా?"

"కోడలు," అన్నాను. అడగనివాళ్ళకి కూడా వినపడాలని కాస్త గట్టిగానే అన్నాను.

ఆవిడ తన చేతిలోని పీకుడు చీటీ వైపు చూసుకుంది. లేచి, సంచీ చంకన పెట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చింది.

"కాస్త జరగండి," అంది.

జరిగాను.