ఒకటిన్నర చుట్టు

జీపులన్నీ కొండ మీది గనికి వెళ్ళిపోయాక షెడ్డులో ఆ కారు ఒక్కటే మిగిలింది. మెకానిక్ వెంకన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి వేయకుండానే నిలబడ్డాడు. వెనక బంపరు కుడివైపు సొట్టపోయి ఉంది. గోడకు ఆ మేరకు కొత్తగా సున్నం కొట్టారు.

పోయిన గురువారం పొద్దున ఆ బంపరుకూ ఆ గోడకూ మధ్య హెల్పరు ముయా నలిగిపోయాడు. జగదల్‌పూర్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే గీదం దాటాక ప్రాణం పోయింది. అప్పుడు స్టీరింగు ముందు కూర్చున్నది రామనర్సయ్య, వెంకన్న భార్యకు అన్న. అతను తాగుతాడని టౌన్‌షిప్ అంతటికీ తెలుసు. ఆ పొద్దున తాగలేదని చెప్పేది అతనొక్కడే. బ్రేకు మీద కాలుందనీ, గేరు పడగానే కారు ఎద్దులా వెనక్కి కుమ్మిందనీ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాడు. సోమవారం విచారణ. కారులో లోపం లేదంటే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా తప్పదు. కారు చూసి కాగితం రాయాల్సింది వెంకన్న.

"ఇంకా చూసేదేంటయ్యా?" అన్నాడు గ్యారేజీ ఇన్‌ఛార్జి చక్రధరరావు. ఆయనది గోదావరి జిల్లా. "మందు మీదున్నాడు, కాలు జారింది. లోపం లేదని రెండు ముక్కలు రాసి పడెయ్."

"ఒక్కసారి జూసి రాస్త సార్."

"సాయంత్రంలోపు నా బల్ల మీదుండాలి మరి."

గని తెరిచిన రోజుల్లో బయటి దేశపు ఇంజనీర్లు తెచ్చుకుని, వెళ్ళేటప్పుడు వదిలేసిన కారది. ఆటోమేటిక్ బండి, దానికి క్లచ్ లేదు. పార్కింగు నుంచి ముందు గేరుకు పోవాలన్నా గేరు కర్ర వెనక గేరును, అంటే రివర్సును, దాటుకునే పోవాలి. పెద్ద అతిథులు వస్తే తప్ప బయటికి తీయరు. దాని ఇంజనును డ్రైవర్లు ముట్టుకోకూడదని ఆర్డరు కూడా ఉంది.

షెడ్డు నేల గోడవైపు వాలుగా ఉంటుంది. హ్యాండు బ్రేకును నమ్మే అలవాటు ఇక్కడ ఎవరికీ లేదు. బండి పెట్టగానే వెనక చక్రం కింద రాయి పెడతారు. తీసేటప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కుతాడు, హెల్పరు రాయి లాగి "చలో" అంటాడు. తొమ్మిదేళ్ళుగా ముయా చేసిన పని అది. ఆ రోజు రాయి లాగి, నడుము ఎత్తకముందే "చలో" అన్నాడు.

వెంకన్న ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాడు. అది తిరుగుతుండగానే గేరు పెట్టె ఆయిలు పుల్ల లాగి చూశాడు. గుర్తు దాకా ఉంది. ఎర్రగా, శుభ్రంగా ఉంది, మాడు వాసన లేదు. ఇంజను ఆపి కిందికి దూరాడు. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలను గునపంతో ఎత్తి చూశాడు. చిట్లలేదు. ప్రొపెల్లరు షాఫ్టును రెండు చేతులా పట్టి ఊపాడు. లూజు లేదు.

"ఏంది బావా, పెండ్లి సూపులా?" రామనర్సయ్య గొంతు. షెడ్డులోకి రావద్దన్నారు గనక గడప అవతలే నిలబడ్డాడు. గడ్డం మాసింది. "దొరికిందా?"

"ఆయిలు మంచిగనే ఉంది. రబ్బర్లు మంచిగనే ఉన్నయ్."

"అన్నీ మంచిగనే ఉన్నయని నువ్వు జెప్పుకుంట పో, నేను జైలుకు పోత."

వెంకన్న కారు కింద నుంచి బయటికి వచ్చాడు. గేరు దెబ్బ కొడుతోందంటే ఏ మెకానిక్కైనా ముందు చూసేది గేరు వేయకుండా ఇంజను ఊరికే నడిచేటప్పుడు ఎంత రేసులో తిరుగుతోందనే. అతను దాన్ని చివరికి వదిలాడు. ఎందుకు వదిలాడో ఇందాక స్టార్ట్ చేసినప్పుడే అతని చెవికి తెలిసింది. ఇంజను మళ్ళీ తిప్పి మీటరు తగిలించాడు. నిమిషానికి ఏడు వందల చుట్ల దగ్గర ఉండాల్సిన ముల్లు పన్నెండు వందల దగ్గర వణుకుతోంది.

పన్నెండు రోజుల కిందట కొండ మీద మబ్బులో ఈ కారు నాలుగుసార్లు ఆగిపోయింది. లోపల అతిథులున్నారు. రామనర్సయ్య చాయ్ తాగడానికి పోయాడు. వెంట వెళ్ళిన వెంకన్నే కార్బురేటరు స్క్రూను ఒకటిన్నర చుట్టు తిప్పి రేసు పెంచాడు. పైన గాలి పలుచన. అక్కడ ఏ జీపుకైనా చేసేదే. కిందికి దిగాక డ్రైవరే తగ్గించుకుంటాడు, ఎవరూ ఎవరికీ చెప్పరు. జీపుకు క్లచ్ ఉంటుంది, రేసు ఎక్కువైనా దెబ్బ కొట్టదు. ఇది జీపు కాదు. ఆ సాయంత్రమే రామనర్సయ్య గేరు పడితే గట్టిగా కొడుతోందన్నాడు. ముసలి బండి గద బావా, అని వెంకన్న నవ్వాడు.

రామనర్సయ్య బీడీ ముట్టించుకోవడానికి అటు తిరిగాడు. వెంకన్న స్క్రూడ్రైవరును గాడిలో పెట్టాడు. ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పితే కారులో ఏ లోపమూ ఉండదు. చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకుని, చక్రధరరావును పిలుచుకొచ్చాడు.

ముయా వంగిన చోట ఖాళీ డ్రమ్ము నిలబెట్టాడు. "మీరే కూసోండి సార్. బ్రేకు ఎప్పటి లెక్క తొక్కుండ్రి, గట్టిగొద్దు. కర్ర నిదానంగ ముందు గేరుకు తీయుండ్రి."

కర్ర వెనక గేరు దాటుతుండగానే కారు అదిరి వెనక్కి ఉరికింది. డ్రమ్ము గోడకు అదుముకుని చప్పుడుతో లోపలికి వంగింది. చక్రధరరావు కర్రను పార్కింగులో పెట్టి దిగి, మీటరు ముల్లు చూశాడు.

"నేను జెప్పలే?" గడప అవతల రామనర్సయ్య అరిచాడు. "జెప్పలేదా సార్?"

"రేసెవడు పెంచాడు?" అడిగాడు చక్రధరరావు.

"నేనే," అన్నాడు వెంకన్న. "కొండ మీద."

రామనర్సయ్య నోట్లోంచి బీడీ తీశాడు.

"సరే విను," అన్నాడు చక్రధరరావు గొంతు తగ్గించి. "పాత బండి, స్క్రూ దానంతటదే కదిలిందని రాయి. వీడు బయటపడతాడు, నువ్వూ బయటపడతావు. అడిగేవాడెవడు?"

"రాయి బావా," అన్నాడు రామనర్సయ్య. "నా చెల్లె మొకం జూసి రాయి."

"స్క్రూ కింద స్ప్రింగుంటది. దానంతటది తిరగదు," అన్నాడు వెంకన్న.

"అది నీకు దెల్సు, నాకు దెల్సు. వాళ్ళకేం దెల్సు?"

వెంకన్న కారు బానెట్ మీదే కాగితం పెట్టి రాశాడు. ఏ రోజు, ఎక్కడ, ఎన్ని చుట్లు తిప్పిందీ, డ్రైవరు చెప్పినా పట్టించుకోలేదన్నదీ రాశాడు. కింద సంతకం చేశాడు. చక్రధరరావు చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఒక్క మాట జెప్తే ఏం బోయింది బావా, ఆ రోజు?" రామనర్సయ్య గడప మీద కూలబడ్డాడు. "ఆర్డరున్నా నేనే తగ్గిస్తుంటిని గద."

"ఔ."

"ఇంటికాడ ఎవరు జెప్తరు?"

"నేనే జెప్త. ముందుగాల భెజ్జి బోవాలె, ముయా ఇంటికి. ఆయన పెండ్లాం హుంగేకు జెప్పాలె."

"పిచ్చి లేసిందా? ముయా అన్నలు నా కోసం గొడ్డళ్ళు నూరుకుంట కూసున్నరు."

"అందుకే," అన్నాడు వెంకన్న. చేతులకంటిన ఆయిలును గుడ్డతో తుడుచుకుని, భెజ్జివైపు పోయే కొంట బస్సు ఎన్ని గంటలకో అడిగాడు.