బసవన్న చేతిమీది ఓట్లు

పొద్దున ఆరుగంటలకల్లా బసవన్న పెద్దింటి అరుగుమీద ఉండాల్సిందే. ఆ ఇంటి కొడుకు భూపేష్ లేచి కాఫీ తాగి బయటికొచ్చేలోపల, వచ్చినోళ్ల అర్జీలన్నీ తీసుకోని, ఎవరిని ముందు పంపాలో ఎవరిని ఎండలో కూచోబెట్టాలో చూసుకునేది అతనే. భూపేష్ కారు తోలేదీ అతనే. ఇద్దరిదీ ఒకే ఈడు. కమలాపురం హైస్కూల్లో అయిదేండ్లు ఒకే బెంచీమీద కూచున్నోళ్లు. ఇద్దరే ఉన్నప్పుడు బసవన్న ‘భూపా’ అంటాడు. నలుగుర్లో మటుకు ‘అన్నా’ అనాల. ఇది ఎవరూ చెప్పలేదు, తనే నేర్చుకున్నాడు. పేదోడికి ఇట్లాంటివి బడిలో చెప్పరు మరి.

బసవన్న ఎడమచెయ్యి వేలికొస నుంచి భుజందాకా నల్లగా ఉంటాది. పాతికేండ్లుగా పెద్దింటికోసం వేసిన దొంగ ఓట్ల సిరా అది. మామూలు ఓటు గుర్తు కొన్నాళ్లకు పోతాది, దొంగ ఓటుది పోదు. ఓటుకొక గీత. కొత్తది పడేకొద్దీ పాతది పైకి జరుగుతా జరుగుతా మోచెయ్యి దాటి భుజమెక్కింది. ఎవరి గీత ఏదో వాళ్లకీ, వాళ్లింట్లోవాళ్లకీ తెలిసిపోతాది, మన గొడ్డు మనకి తెలిసినట్టే. ఊళ్లో దీన్ని వింతగా చూసినోడు లేడు.

ముసలి వెంకటేశ్వరమ్మ అయితే కనపడినప్పుడల్లా అడిగేది. “ఏమప్పా బసవన్నా, నా ఓటు యాడుండాది?”

“ఇదో, మణికట్టు కాడ. భద్రంగా ఉండాది చూడవ్వా.”

ఆమె దాన్ని తడిమి చూసుకోని, “చచ్చేలోపల ఒకసారన్నా నేనే ఏసుకుందామని నాయనా” అని పోయేది. బసవన్న నవ్వేసేవాడు. పెద్దింటోళ్ల చేతులు మాత్రం గంజి పెట్టిన పంచెలంత తెల్లగా ఉండేవి.

మొన్న జెడ్పీటీసీ ఉప ఎన్నిక వచ్చింది. భూపేష్ మొదటిసారి తానే నిలబడినాడు. అవతలి పక్క ఏజెంటుగా హనుమేష్ కూచున్నాడు. ఎర్రగుంట్లలో సిమెంటు పనికి పోయే పిల్లోడు, సుంకులమ్మకి ఒక్కగానొక్క కొడుకు. “ఈసారి ఎవురి ఓటు వాళ్లే ఏసుకుంటారు” అని పోలింగు జరిగే బడి తలుపు కాడ ఇనపకుర్చీ వేసుకోని కూచుంటే, బసవన్న నాలుగుసార్లు పోయి నాలుగుసార్లు వెనక్కొచ్చినాడు.

మధ్యాన్నానికి భూపేష్‌కి తిక్క రేగింది. తానే లోపలికి పోయినాడు. “ముందు నీ ఓటే ఏస్తాండా, చూడు రా” అని హనుమేష్ పేరుమీది బ్యాలెట్ లాక్కోని ముద్ర గుద్దినాడు. పైగా సిరా పుయ్యమని వేలు చాచినాడు, రూలు రూలే గదా అని నవ్వుతా. చూపుడువేలికి పొద్దున తన ఓటు గుర్తు పడివుంటే నడిమివేలు పెట్టినాడు. పుట్టినాక అతను తన చేత్తో వేసిన మొదటి దొంగ ఓటు అది. హనుమేష్ అతని రెక్క పట్టుకున్నాడు. భూపేష్ ఆ పిల్లోని కుర్చీయే ఎత్తి మూడు దెబ్బలు కొట్టినాడు. అధికారులు గోడకేసి చూస్తా ఉండిపోయినారు. బసవన్న వాకిట్లోనే ఉన్నాడు, అన్నీ చూసినాడు. ఆ రాత్రే కడప ఆసుపత్రిలో పిల్లోడు పోయినాడు.

కేసు మోయడమనేది పెద్దింటికి కొత్త కాదు. ముప్పయ్యేండ్లుగా ఆ ఇంటి మగోళ్లు ముద్దాయిలుగా స్టేషన్ మెట్లెక్కలేదు. వాళ్ల తప్పు మీదేసుకోని ఎక్కేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లకి కొత్త పంచె పెట్టి, లోపలి పంక్తిలో కూచోబెట్టి, ఇంటామె తన చేత్తో వడ్డించి పంపడం ఆనవాయితీ. మర్నాడు పొద్దున భూపేష్ తల్లి కృష్ణవేణమ్మ బసవన్నకి సంగటి, కోడికూర వడ్డించింది. అన్నేండ్ల స్నేహంలో అతను ఆ ఇంటి లోపల కూచోని తినడం అదే మొదలు.

“తోపులాటలో పడినాడని రాపిస్తాం లే. మూడు నెలల్లో బయటుంటావు” అనింది ఆమె.

భూపేష్ కౌగిలించుకున్నాడు. “నువ్వు కాక నాకెవురుండారు రా?”

బసవన్నకి భయంగానే ఉంది. అయినా ఆ ఒక్క మాటకి కరిగిపోయినాడు, పిచ్చి నాయాలు.

స్టేషన్లో కొత్తగా వచ్చిన ఎస్సై కాగితం తీసి చదివినాడు. “హనుమేష్ ఓటును బసవన్న వేయగా హనుమేష్ అడ్డుపడినాడు. పాత పొలంగట్టు తగాదా మనసులో పెట్టుకుని, చంపాలనే బసవన్న కుర్చీతో మూడుసార్లు కొట్టినాడు. నేను వారించినా వినలేదు.” కింద ప్రత్యక్ష సాక్షిగా భూపేష్ సంతకం.

ఇది మూడు నెలల మాట కాదు, జన్మంతా జైలే. బయటుంటే ఎప్పుడో ఒకనాడు నోరు విప్పుతాడని ఆ ఇంటికి భయం. “తోపులాటంటిరి గదా, భూపా” అన్నాడు బసవన్న.

సాక్ష్యానికని వచ్చి ఎదురుకుర్చీలో కూచున్న భూపేష్ ఫోన్లోంచి తలెత్తలేదు. “నలుగుర్లో ఏం పిలుపు రా అది?”

అప్పుడే సుంకులమ్మ లోపలికొచ్చింది. కొడుకు శవం కడప ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు. “సారూ, నా కొడుకు ఓటు ఏసినోని చెయ్యి ఒకసారి చూడాల” అనింది.

అంత నల్లటి చేతిమీద ఒక్క గీతను ఎవరు వెతుకుతారులే అనుకోనుంటాడు భూపేష్. సుంకులమ్మ వెతికింది. బసవన్న చొక్కా విప్పి చెయ్యి చాచినాడు. ఆమె కొత్త గీతలుండే వేలికొసన మొదలుపెట్టింది. “ఇది ఉరుకుందప్పది. ఇది నా మొగునిది, ఆయన పోయినాక ఏసినావే, అది. ఇది నాది.” బసవన్నకి సిగ్గుతో తల పైకి లేవలేదు. ఆమె మోచెయ్యి తిప్పి చూసింది, భుజం చూసింది, చంక కూడా ఎత్తి చూసింది. అరగంట పట్టింది.

“నా బిడ్డ ఈడ లేడు సారూ.”

భూపేష్ లేచినాడు. అతని నడిమివేలికి కట్టు ఉంది. ఎస్సై దానివైపు చూస్తే, “కారు డోర్లో పడింది” అన్నాడు.

“కారు తోలేది నేనే సారూ” అన్నాడు బసవన్న. “డోర్లో ఎవురి వేలూ పడలా.”

సుంకులమ్మ పోయి భూపేష్ చెయ్యి పట్టుకోని కట్టు విప్పింది. తెల్లటి వేలిమీద ఒకే ఒక్క గీత. ఆమె దాన్ని చెంపకానించుకోని ఏడ్చింది. భూపేష్ చెయ్యి లాక్కోబోతే వదల్లేదు. కానిస్టేబుల్ వచ్చి విడిపించబోయినాడు.

“ఉండప్పా. నా బిడ్డది ఇంతే మిగిలుండాది.”

ఎస్సై మొదటి కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసినాడు. హత్యకి భూపేష్ పేరు రాసినాడు. దాని కింద, దొంగ ఓట్లకి బసవన్న పేరు రాసినాడు. బసవన్న చొక్కా వేసుకోకుండానే వొంగి సంతకం పెట్టినాడు.