కండెలు ఎవరు చుట్టిన్రు?

"ఖాళీగనే ఉన్నవు గద వసంతా, జర గా కండెలు చుట్టు."

మా అత్త యాదమ్మ ఈ మాట ఎప్పుడనేదంటే, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, నేను చేతుల బియ్యం గిన్నె పెట్టుకొని, కాలితోని కోడిని అదిలిస్తున్నప్పుడు అనేది. పెండ్లయి వచ్చిన కొత్తల నేను వెనక్కి మళ్లి చూసేదాన్ని. ఈ ఇంట్ల నేను గాక ఇంకో వసంతలక్ష్మి ఉన్నదేమో, ఆమె ఏడనో మంచమ్మీద కాళ్లు సాపుకొని ఖాళీగ కూసున్నదేమో అని. ఉంటే బాగుండు. ఆమెతోని దోస్తానా చేసుకుందును.

చండూరు దిక్కు మా ఊరు. మాది మగ్గమున్న ఇల్లు. మా మామ ధర్మయ్య బతికినన్నాళ్లు ఇంటికెవరొచ్చినా ఒక్కటే ముచ్చట చెప్పేటోడు. "మా నాయిన నేసిన నల్లచీర బాయికాడ ఆరేస్తే, మొగులైందనుకోని నెమళ్లు దిగి ఆడినయి. చీర మడతపెట్టి ఇంటికి తెస్తే అవి ఎంబడే వచ్చి మా వాకిట్ల అలిగి కూసున్నయి." అందరు నవ్వేటోళ్లు. నేను గూడ నవ్వేదాన్ని, నా చేతుల కండె మాత్రం తిరుగుతనే ఉండేది. ఒకనాడు నోరూకుంటలేక, "మామా, గా చీరకు కండెలు ఎవరు చుట్టిన్రు?" అని అడిగిన. ముసలాయన నెమళ్లను యాదిమర్చి నన్నే చూసిండు. "ఎవరో ఒకరు చుట్టుంటరు తియ్," అన్నడు.

ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంటి ఆడమనిషే. అటుఇటు ఉరికే నాడెల పోగు చుట్టిన కండె లేకుంటే, మగ్గం గుంతల కూసున్నోడు ఎంత తన్నినా చీర జానెడు జరుగది. మగ్గమ్మీది నిలువు పోగుల పడుగు ఐపోయి కొత్తది ఎక్కియ్యాలంటే, పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి, వేళ్లకు బూడిద రాసుకొని ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలె. వేలకొద్ది పోగులు. కండ్లు మూసుకొని అతికేదాన్ని నేను. బిడ్డకు పాలిచ్చుకుంట అతికిన, జెరమొస్తే తడిగుడ్డ నెత్తిమీద ఏసుకొని అతికిన. కని మా దిక్కు నేసేటోడంటే గుంతల కూసున్నోడే. గుర్తింపు కార్డు ఆయనదే, శాలువ కప్పితే ఆయనకే.

కరోనా అప్పుడు బడికాడ సూదులిచ్చిన్రు. మా అత్త భయపడి గదిల గొళ్లెం పెట్టుకుంటే, నేనే బతిమాలి తోలుకపోయిన. ఆమెకేం కాలే, సల్లగున్నది. నాకు రెండో సూది ఏసినంక కొన్ని దినాలకు కాళ్లు తిమ్మిరెక్కినయి, ఎంబడే చేతులు. నల్లగొండ దవాఖాన, ఆడికెళ్లి హైదరాబాదు. బతికిన. నడుస్తున్న. వేళ్లే తిరిగి రాలే. అక్కడి డాక్టరమ్మ దాపరికం లేకుంట చెప్పింది. "ఈ సూది ఎంతోమందిని కాపాడిందమ్మా. ఎక్కడో ఏ ఒక్కరికో ఇట్లా నరాలు దెబ్బతింటాయి. ఆ ఒక్కరు నువ్వయ్యావు." నాకు సూది మీద కోపం రాలే. ఊరంతటి చందా నేనొక్కదాన్నే కట్టినట్టు అనిపించింది, అంతే. అట్ల కట్టినోళ్లను అడిగి అరుసుకునే దిక్కు ఏదన్న ఉండాలె గద.

మా అత్త మటుకు, "మేమంత ఏసుకోలేదా? నీకే ఎందుకైంది?" అనేది. అదేదో నా పెంపకంల లోపమైనట్టు.

ఇప్పుడు పట్టు పోగు వేళ్ల నడుమ ఉన్నదో లేదో కండ్లతోని చూస్తెనే ఎరుక. జడ్చర్లల నౌకరి చేసే మా బిడ్డ రోజారమణి ఇంటికొస్తే, జడ ఏద్దమని ముందర కూసోబెట్టుకున్న. మూడు పాయలు ఎప్పుడు జారిపోయినయో నాకు తెల్వనే లేదు. "ఐపోయిందా అమ్మా?" అన్నది. "ఐపోయింది బిడ్డా," అన్న. విడిపోయిన జుట్టుతోనే లేచి పోయింది పిల్ల.

ఇంట్ల అందరు ఏడ్చిన్రు, మగ్గం కోసం. మా ఇంటాయన మహేశ్ కండెలకు కూలికి ఒకామెను పెట్టిండు. ఆమె కూలి ఆమెకిస్తే చీర మీద ఏం మిగులుతలేదని తెలిసి, గుంత మీద చెక్క ఏసి మూసిండు. ఇన్నేండ్లు మిగిలింది ఎట్ల మిగిలిందో అని మాత్రం ఆయనకు ఆలోచన రాలే.

ఎవరో చెప్పంగ నల్లగొండల వకీలు విజేందర్ సారు దగ్గరికి పోయినం. నష్టపరిహారం కేసు. మళ్లీ పిలిచేసరికి కాయితం తయారు చేసిపెట్టిండు. సదివి వినిపించిండు. "బాధితురాలు గృహిణి, ఏ వృత్తీ లేదు. ఆమెకు సేవ చేయవలసి వచ్చినందున భర్త మగ్గం ఆగిపోయి, ఆయన ఆదాయం కోల్పోయినాడు."

ఆ సేవ నాకు తెలుసు. పొద్దుగాల గడపకాడ నిలవడి, "వేళ్లు కదులుతున్నయా?" అని అడుగుడు.

"నాకు పని లేదని ఎవరు చెప్పిన్రు సార్?"

"మీ ఆయనే అమ్మా. ఏం చేస్తదని ఫోన్ల అడిగిన. ఏం చేయది, ఇంట్లనే ఉంటది అన్నడు."

పగతోని అన్న మాట గాదు. టైమెంతైంది అంటే చెప్పినట్టు చెప్పి ఉంటడు. అబద్ధమాడుతున్న అనే సోయి గూడ లేకుంట. నాకు ఆడనే తగిలింది.

"నిజమే సార్," అన్న. "మా ఇంట్ల నాకేం పని? తెల్లారంగనే ఉడుతలొస్తయి. తోకలతోని రాట్నం తిప్పి కండెలు చుట్టిపోతయి. మిద్దెమీది సాలీడు దిగొచ్చి పోగులు అతుకుతది. పోగులకు పెట్టే గంజిని పిచ్చుకలు కాస్తయి. నేను మంచమ్మీద కూసొని పెత్తనం చేస్త. సూది పడ్డనాటి సంది ఉడుతలు మా గల్లికే వస్తలేవు. గందుకే మగ్గం ఆగింది."

వకీలు సారు పడిపడి నవ్విండు. నేనూ నవ్విన. మా ఆయన నవ్వలే.

"నలుగుర్ల ఇజ్జత్ తియ్యకే," అన్నడు, పండ్ల సందుకెళ్లి. "కార్డు నా పేరు మీదున్నది. నా సంపాదన పోయిందంటెనే కేసు నిలుస్తదని సారే చెప్తుండు. పైసలొస్తే నీ మందులకే గద? ముద్ర ఎయ్యి."

పదో తరగతి పాసైనదాన్ని నేను. కలం పట్టరాక ముద్ర. నేను కదలకపోయేసరికి ఆయనే నా చెయ్యి పట్టుకున్నడు. బొటనవేలు సిరాల అద్దిండు. సల్లగున్నదో వెచ్చగున్నదో, గట్టిగ పట్టిండో మెల్లగ పట్టిండో, నాకేం తెలుస్తలేదు. ఎవరిదో వేలు, ఎవరో అద్దుతున్నట్టు చూసిన. వేలు కాయితమ్మీదికి దిగుతుంటే అప్పుడు గుంజుకున్న, భుజంతోని. సిరా ఆయన తెల్లంగి మీద పడ్డది.

"కాయితం మార్చుండ్రి సార్," అన్న. "నా వృత్తి చేనేత. పోయినవి నా వేళ్లు."

విజేందర్ సారు కండ్లద్దాలు తీసి బల్లమీద పెట్టిండు. "మారుస్తనమ్మా. కని ముందే చెప్తున్న, ఇసొంటి కేసు గెలుసుడే కష్టం. అటు దిక్కు వకీలు ఊకుంటడా? నీకు కార్డు లేదు, కూలి ఇచ్చినోడు లేడు, పని చేసిందనేదానికి రుజువేదని అడుగుతడు. చూపియ్యకుంటే మొత్తానికే పోతది."

"పోతదంటున్నడు, ఇన్నవా?" అన్నడు మా ఆయన.

"ఇన్న. పోతే పోనీ," అన్న. "కని సాక్షి ఉన్నడు సార్."

"ఎవరమ్మా?"

నేను పక్క కుర్చీ దిక్కు చూడలే.

"రాసుకోండ్రి. మహేశ్, తండ్రి ధర్మయ్య. బోనుల నిలవడి, ప్రమాణం చేసి, మా పెండ్లయిన కాడికెళ్లి ఒక్క కండెన్న తను చుట్టుకున్న అని చెప్పమనుండ్రి. చెప్తే కేసు నేనే వాపసు తీసుకుంట."