గిన్నె అడుగున రెండు వేళ్ల టీ

మా కొండ చుట్టూ తిరిగే దారిలో వచ్చినవాళ్లెవరూ వచ్చిన దారిన తిరిగి వెళ్లరు. నది పక్కనుంచి రోజుల తరబడి ఎక్కి వస్తారు. నా రాతి గుడిసెలో ఒక రాత్రి పడుకుంటారు. తెల్లారకముందే లేచి, లార్క్యా కనుమ దాటి, అవతలి లోయలోకి దిగిపోతారు. ఇరవై రెండేళ్లుగా నేను మొహాలు చూసేది ఒక్క సాయంత్రమే. ఆ తర్వాత కనిపించేవి వీపులే.

అందుకేనేమో, మా వాళ్లలో చాలామంది వదిలేసిన ఒక ఆచారాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. కనుమ దాటబోయే మనిషి తన చెక్క గిన్నెలో రెండు వేళ్లెత్తు ఉప్పు టీ వదిలి వెళ్లాలి. క్షేమంగా దిగాడన్న కబురు వచ్చేదాకా ఆ గిన్నె కడగకూడదు. కబురు వచ్చాక కడిగి బోర్లించాలి. గిన్నె బోర్లించి ఉందంటే ఆ మనిషి చేరినట్టు.

నా భర్త ఛేవాంగ్ గిన్నె పంతొమ్మిదేళ్లయినా బోర్లించలేదు. బరువులు మోసేవాళ్ల వరసలో ఆయన ఆఖరున నడిచాడు. మబ్బు దిగుతున్నా ముందున్నవాడు ఆగలేదు. ఫలానా రోజుకి చేరుస్తానని ఎవరికో మాటిచ్చాడట. ముందున్నవాళ్లు దాటారు. మంచు కరిగాక ఆయన బుట్ట మోసే నుదుటి పట్టీ ఒక్కటే దొరికింది. పట్టీ దొరకడం కబురు కాదు కదా. గిన్నెలో టీ ఎండి నల్లటి మరకైంది. తలుపు మీది గూట్లో, దీపం పక్కన ఉంచాను. నాకు ఆ గూడు అందదు. పున్నమికి దీపం వెలిగించడానికి పీట వేసుకుని ఎక్కుతాను.

మా బావగారి కూతురు యుడ్రోన్ గిన్నె కూడా చూడ్డానికి అచ్చం అలాంటిదే. రెండూ ఒకే కొయ్య ముడిలోంచి తీసినవి. తొమ్మిదేళ్లు బుట్ట మోసిన యుడ్రోన్, మొన్న శరత్కాలం చివర మొదటిసారి ముందు నడుస్తూ వచ్చింది. వెంట చెక్ దేశపు అక్కచెల్లెళ్లు ఇద్దరు, బరువు మోసే సామ్‌దుప్. అక్కచెల్లెళ్లలో పెద్దావిడ జర్మిలా, అరవై దాటిన మనిషి, నాకన్నా నిటారుగా ఉంది.

"పిన్నీ, ఇవాళ నాకు ముందు వడ్డించాలి. నేను గైడుని," అంది యుడ్రోన్ పొయ్యి దగ్గర కూలబడుతూ.

"గైడ్లు ఆఖరున తింటారు. అది కూడా తెలీని దానికి ఎవడిచ్చాడో ఉద్యోగం," అన్నాడు సామ్‌దుప్. "చూశావా వదినా, నిన్నటిదాకా నాతో కూర్చుని బంగాళాదుంపలు ఒలిచేది. ఇవాళ చేతికి గడియారం కట్టుకుని నాలుగింటికే బయల్దేరాలంటోంది."

"ఐదింటికి అంటే నువ్వు ఏడింటికి కదుల్తావు. అందుకే నాలుగన్నా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్కచెల్లెళ్లు పడుకున్నాక అడిగాను.

"మబ్బు దిగితే వెనక్కి వచ్చేస్తావా?"

యుడ్రోన్ పొయ్యిలో పేడ పిడక సర్దింది. "కఠ్మాండూలో మా యజమాని ఒకటే చెప్పాడు పిన్నీ. చెప్పిన తేదీకి చుట్టు పూర్తి చేస్తే వచ్చే ఏడాది నాలుగు గుంపులు నావి. చెయ్యకపోతే మళ్లీ బుట్టే."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు," అంది. దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

పొద్దున్న వాళ్లు టీ తాగుతుండగా నేను బయట సామ్‌దుప్ బుట్ట తాడు బిగించాను. యుడ్రోన్ తన గిన్నె ఎక్కడ పెట్టిందో చూడలేదు. ఎప్పుడూ పొయ్యి పక్కనే పెడుతుంది. నుదుటికి కట్టుకున్న నాలుగు దీపాలు రాళ్ల గుట్ట ఎక్కి, ఒక్కొక్కటే ఆరిపోయినట్టు అవతలికి వెళ్లాయి. నాలుగోది సామ్‌దుప్‌ది. అది కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను.

లోపలికొచ్చి గ్లాసులు కడగడం మొదలుపెట్టాను. వేడినీళ్లు, బూడిద, చీకటి, పొగ. నా కళ్లకి ఇప్పుడు అన్నిటి మీదా తెర ఉంటుంది. మనసు కొండ మీదుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బల్ల మీద బోర్లించిన వాటిలో ఒకటి చల్లగా, నున్నగా లేదు. తడిమి చూశాను. చెక్క.

పొయ్యి పక్కనున్న గిన్నెని కడిగేశాను.

మళ్లీ అందులో రెండు వేళ్లెత్తు టీ పోశాను. ఎవరిని మోసం చేస్తున్నాను అనిపించి పారబోశాను. గిన్నె మళ్లీ బల్ల మీదే బోర్లించాను. దాని వైపు చూడకుండా వీపు తిప్పుకుని పని చేశాను.

పొద్దెక్కాక గాలి దిశ మారింది. గుడిసె పక్కనుంచి జడల బర్రెలు దిగి వచ్చాయి. పదకొండు. వెనక కాపరి లేడు. అదిలించే గొంతు లేదు. ఎవరూ పిలవకుండా అవి పైమేత వదిలి దిగాయంటే పైన ఏం రాబోతోందో మాకు తెలుసు. మధ్యాహ్నానికి మంచు మొదలైంది.

బియ్యం బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని నేను. భయం వేస్తే గోడకి అంటించిన పాత పేపర్లు చదువుతాను. ఆ రోజు సిమెంటు గురించిన ఒకే వాక్యం ఎన్నిసార్లు చదివానో. తలుపు తీసి చూడటం, వేయడం. కెటిల్ పొయ్యి మీద పెట్టడం, దించడం.

అప్పుడు సామ్‌దుప్ దగ్గు వినపడింది. ఆ దగ్గు ఈ కొండ మీద ఇంకెవరికీ లేదు. తలుపు తీశాను. మంచు తెరలోంచి మొహాలు వస్తున్నాయి. వీపులు కాదు, మొహాలు. మొదట చెల్లెలు, తర్వాత జర్మిలా, సామ్‌దుప్. అందరికన్నా వెనక యుడ్రోన్.

జర్మిలా చేతి తొడుగులు లాగి బల్ల మీద విసిరి, గోడవైపు తిరిగి కూర్చుంది. సామ్‌దుప్ పొయ్యిలోకి దూరిపోయేంత దగ్గరగా జరిగాడు.

"ఇంకో గంట నడిస్తే కనుమ వదినా. అప్పటికి మంచు ఇంకా మొదలవలేదు. ఆ జడల బర్రెలు ఎదురొచ్చాయి. ఈ పిల్ల ఆగిపోయింది. కనుమ మీది జెండాలు కనపడుతున్నాయి కదా అని పెద్దావిడ దెబ్బలాట. ఇదేమందో తెలుసా? జెండాలు వాటికి కూడా కనపడ్డాయమ్మా, అయినా అవి దిగాయి, అంది."

"నువ్వు టీ తాగు అన్నా," అంది యుడ్రోన్.

"తాగుతాలే. తర్వాత విను. వెనక్కి నడిచి నా దగ్గరకొచ్చింది. నా బుట్ట ఎత్తి బరువు చూసింది. అన్నా, నువ్వు ఆఖరివాడివి, నీ కాళ్లు పైకి చేరేసరికి దారి మూసుకుపోతుంది, నువ్వు దాటలేని చోట మేమెవరం దాటం, అని..." సామ్‌దుప్ టీ గ్లాసు అందుకున్నాడు. ఇంకో ఎకసెక్కెం ఆడతాడనుకున్నాను. ఆడలేదు.

నేను కెటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎందరో గైడ్లకి ఈ చేత్తో టీ పోశాను. కనుమ దాటిన సంఖ్య చెప్పుకోని గైడు లేడు. ఆఖరివాడి బుట్ట ఎత్తి చూసిన మనిషి గురించి వినడం ఇదే.

"నీ తేదీ?" అన్నాను.

"పోతే పోనీ పిన్నీ. బుట్ట మోయడం నాకేమన్నా కొత్తా?" అంది. మొహం మాత్రం పీక్కుపోయి ఉంది. "సరే, నా టీ ఏది? మిగిలింది తాగడానికేగా ఇంత దూరం దిగొచ్చాను."

చెప్పక తప్పలేదు. "కడిగేశానే తల్లీ. చూసుకోలేదు. పొద్దుట్నుంచీ చస్తున్నాను."

"కడగడమేంటి?" అని యుడ్రోన్ తలుపు దగ్గరకెళ్లి, గూట్లోకి చెయ్యి చాపింది. గిన్నె దించింది. అడుగున టీ మీద పల్చటి మంచు పలుకు. "ఇదిగో. ఈసారి బాబాయి పక్కన పెడదామనుకున్నా. దీపం ఉందిగా, రెండూ పట్టలేదు. బాబాయిది దించి పొయ్యి పక్కన పెట్టా. నీకు చెప్పి వెళ్దామనుకుని..."

ఆగిపోయింది. ఇద్దరం బల్ల వైపు చూశాం.

"పిన్నీ," అంది. కనుమ కింద జర్మిలాకి ఎదురు నిలిచిన మనిషి ఆ గిన్నె ముట్టుకోలేక చేతులు వెనక్కి లాక్కుంది.

నేను గిన్నె తీసి పొయ్యి వెలుగులో పెట్టాను. నల్ల మరక పోయింది. కొయ్య ముడి గీతలు తేనె రంగులో సుడులు తిరిగి ఉన్నాయి. ఆ రంగు మర్చిపోయాను. ఏడుపొస్తుందని ఎదురుచూశాను. రాలేదు. పంతొమ్మిదేళ్లుగా నేను వినాలనుకున్నది ఆయన దొరికాడన్న మాట కాదేమో. ఆఖరున నడిచేవాడి కోసం ఒక్కరైనా ఆగుతారన్న మాటేమో. అది ఈ పొయ్యి దగ్గరే, ఇందాకే విన్నాను.

"కబురు వచ్చిందిలే," అని గిన్నెని గోడ బల్ల మీద, చేరినవాళ్ల గిన్నెల వరసలో బోర్లించాను. యుడ్రోన్ తన గిన్నెలో మంచు పలుకు వేలితో పగలగొట్టి, చల్లటి టీ గటగటా తాగేసింది.

మంచు మూడు రోజులు కురిసింది. మొదటి రోజు తెల్లారి జర్మిలా తలుపు తీసింది. కిటికీ ఎత్తున మంచు. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత ఎవరూ అడక్కుండా వచ్చి, యుడ్రోన్ పక్కన కూర్చుని బంగాళాదుంపలు ఒలిచింది. "తొక్క మందంగా తీస్తోంది, పంట వృథా," అన్నాడు సామ్‌దుప్. యుడ్రోన్ ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పేసింది. ఆవిడ ఒక తొక్క తీసి సామ్‌దుప్ మీద విసిరింది.

ఐదో రోజు గడ్డకట్టిన మంచు మీద దాటారు. జర్మిలా తన గాజు గ్లాసులో రెండు వేళ్లెత్తు టీ వదిలింది. యుడ్రోన్ తన గిన్నెని నా కళ్లెదుటే గూట్లో పెట్టి, "ఇక్కడ పెట్టాను, చూసుకో," అని రెండుసార్లు చెప్పింది. ఈసారి వరసలో సామ్‌దుప్ మధ్యలో ఉన్నాడు. ఆఖరి దీపం యుడ్రోన్‌ది.

ఆరు రోజుల తర్వాత అవతలి లోయలోని బిమ్‌థాంగ్ వైపు నుంచి వచ్చిన కాపరి, నలుగురూ దిగారని చెప్పాడు. పీట వేసుకుని గిన్నె దించి, గ్లాసుతో పాటు కడిగి, ఛేవాంగ్ గిన్నె పక్కన బోర్లించాను.

యజమాని ఏమన్నాడో తెలీదు. వచ్చే వసంతంలో యుడ్రోన్ ముందు నడుస్తూ వస్తుందో, బుట్టతో ఆఖరున వస్తుందో కూడా తెలీదు. ఆఖరున వస్తే మాత్రం, ముందు నడిచేవాణ్ని టీ పోయకముందే అడుగుతాను, నీ వెనక నడిచేదాని బుట్ట ఎంత బరువుందో ఎత్తి చూశావా అని.