మా బాపు, రెండు బ్యాటరీలు

మా బాపు మొగులయ్య కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫోర్క్‌లిఫ్టుల బ్యాటరీలకు నీళ్లు పోసి, చార్జింగ్ పెట్టి రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ వదిలినా బ్యాటరీలు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఇన్వర్టర్‌కు డిస్టిల్డ్ వాటర్ పోసేటప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు. నా ల్యాప్‌టాప్ కూడా ఆయన చేతికే చిక్కింది. ఖాళీ అయితే బ్యాటరీ పాడవుతుందని, ఎప్పుడూ ఫుల్‌గా ఉండాలని ఆయన సిద్ధాంతం. రెండేళ్లు వైరు తీయనివ్వలేదు. పైగా దుమ్ము పడకుండా అమ్మ పాత చీరతో కుట్టించిన గలీబు ఒకటి. పాపం, లోపల అది ఉడికిపోయేది.

దసరా పొద్దున పూజకు పానాలు, సుత్తి, డ్రిల్లు పక్కన ల్యాప్‌టాప్‌ను కూడా పెట్టాడు. కుంకుమ బొట్టు పెడుతుంటే అది పీట మీద కుదురుగా ఉండక ఊగింది. అడుగు ఉబ్బింది. పండగ పూట మనకంటే ముందు ఇదే తిన్నట్టుందని అమ్మ కాశమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మర్నాడు పదకొండింటికి నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఏడాదిలో వచ్చింది ఆ ఒక్క పిలుపే. బాపు మాత్రం మసాలా నూరే బండ తెచ్చాడు. మీద పెడితే గంటలో అణుగుతుందట. బండ లాక్కున్నాను.

సంతోష్‌నగర్‌లో రిపేర్ షాపు వెస్లీ దసరాకు కూడా తెరిచే ఉంచుతాడు. బాపూ నేనూ వెళ్లి, బండ సంగతి కూడా చెప్పాం. అతను ల్యాప్‌టాప్ అడుగు విప్పి, ఉబ్బిన బ్యాటరీ చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"అంకుల్, నిండుగ ఉంచుడే దీనికి రోగం. వేడి ఇంకో రోగం. ఎనభై శాతం కాడ చార్జింగ్ ఆపాలె. బండ పెట్టి ఉంటె అంటుకుంటుండె."

పాతది తీసేసి, కొత్త బ్యాటరీ రావడానికి మూడు రోజులన్నాడు. అందాకా వైరు మీదే నడుస్తుంది, కరెంటు పోతే అక్కడికక్కడే ఆరిపోతుంది. దారిలో బాపు ముఖం చూస్తే జాలేసింది కానీ కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు ఆయన ఇన్వర్టర్ మీద ఉన్న ఫ్యాన్లు, లైట్లు అన్నీ తీసేసి, నా ఒక్క ప్లగ్గు ఉంచాడు. అమ్మ విసనకర్రతో విసురుకుంటూ ఆయన్ని తిట్టింది. ఇంటర్వ్యూ మొదలైన పది నిమిషాలకు కరెంటు పోయింది. స్క్రీన్ మాత్రం ఆరలేదు. మిగిలిన నలభై నిమిషాలూ బాపు ఇన్వర్టర్ పక్కనే గొంతుక్కూర్చుని, దాని మీద చెయ్యేసి ఉన్నాడు.

ఉద్యోగం ఖాయమని చివర్లో చెప్పారు. ఆ మాట విన్నాకే ఆయన లేచాడు.

"నీ దానికి ఎనభై, సోనీ బిడ్డా. నా దానికి నూరు."

గొప్పోడివి బాపూ అందామనుకున్నాను. ఆయన కూడా ఉబ్బిపోతాడని ఊరుకుని, డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చి చేతికిచ్చాను.