తాళం తీసినా ఆగని బండి

బళ్ల పొగ పరీక్ష చేయడంలో నాకు పదకొండేళ్ల అనుభవం. నోరు కూడా ఎక్కువే. పొగ గొట్టంలో గుడ్డ కుక్కి తెచ్చినవాణ్ని, పక్కబండి కాగితం తెచ్చి తనదని దబాయించినవాణ్ని అందరి ముందూ కడిగి పారేసినదాన్ని. అలాంటి నేను ఆ పొద్దున రెండు తప్పులు చేశాను. రెండూ సొంతవాళ్లే కదా అని చేసినవే.

బండి మా బావది, అంటే మా అక్క మొగుడిది. పద్దెనిమిదేళ్ల డీజిల్ వ్యాను. లీటరుకి ఎంత దూరం వస్తోందో అడక్కపోయినా చెబుతాడు, అందుకే ఇంట్లో ఆయన మైలేజీ బావ. ఆ రోజు అమ్మని కూడా అందులోనే తీసుకొచ్చాడు. పరీక్ష అవగానే ఆసుపత్రికెళ్లి ఆమె కాలికట్టు విప్పించాలి. తొడదాకా సిమెంటు కట్టు. వెనక సీటు మీద కాలు బారజాపుకుని, కర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది.

"అమ్మని దింపాలి బావా. పరీక్షప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు."

"దింపడానికి పావుగంట, ఎక్కించడానికి పావుగంట. రెండు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా మరదలా?"

"నన్ను కదపకే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది అమ్మ.

సరేననుకున్నాను. అది మొదటి తప్పు. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆయిల్ ఎంతుందో కడ్డీ తీసి చూడబోయాను. "నిన్ననే పోయించాను, నిండుగా ఉంది," అన్నాడు బావ. చూడకుండానే బానెట్ మూసేశాను. అది రెండోది.

పొగ కొలిచే మిషను గొట్టాన్ని బండి పొగ గొట్టంలో దూర్చి, డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేశాను. డీజిల్ పరీక్షంటే మెల్లగా తొక్కేది కాదు. ఆక్సిలరేటర్‌ని ఒక్కసారిగా కిందికంటా అదిమి, ఇంజిన్ పూర్తి వేగం అందుకోగానే వదిలెయ్యాలి. అలా నాలుగైదు సార్లు. మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి మిషను మీద అంకె కాస్త పెరిగింది. మూడోసారి తొక్కి వదిలాను.

వేగం తగ్గలేదు.

పెడల్ ఇరుక్కుందేమోనని వంగి చూశాను. పైకి లేచే ఉంది, దాని మీద నా కాలు కూడా లేదు. ఇంజిన్ వేగం చూపే ముల్లు మాత్రం ఎర్రగీత దాటుతోంది. వెనక నీలపు పొగ షెడ్డంతా కమ్మేసింది. తాళం తిప్పాను. ఆగలేదు. తాళం బయటికి లాగేశాను. తాళం నా చేతిలో ఉంది, ఇంజిన్ ఇంకా గట్టిగా అరుస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పెట్రోలు ఇంజిన్‌కి నిప్పురవ్వ కావాలి. తాళం తీస్తే రవ్వ ఆగిపోతుంది, ఇంజిన్ చచ్చినట్టు ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌కి రవ్వ అక్కర్లేదు, లోపల గాలిని నొక్కిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ ఇంజిన్‌కి డీజిలే కావాలన్న పట్టింపు కూడా లేదు. మోతాదు మించి పోసిన ఇంజిన్ ఆయిల్ గాలి గొట్టంలోకి పొంగిందంటే దాన్నే తాగుతుంది, అది అయిపోయేదాకానో, తాను పగిలిపోయేదాకానో. అలా పగిలినదాని ఫొటో మాకు శిక్షణలో చూపించారు. ఇనపముక్క ఎదురుగోడలో దిగి ఉంది.

"ఎంత పోయించావు బావా?" అని గొంతు చించుకున్నాను.

"పొగ తగ్గుతుందంటేనూ... రెండు లీటర్లు ఎక్కువ..."

అంటూనే వెనక్కి అడుగులేశాడు. మళ్లీ చూసేసరికి గేటు దగ్గరున్నాడు. వ్యాను వెనక తలుపు బయటినుంచి తప్ప తెరుచుకోదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. నా పక్క తలుపు తీశాను. ఒక కాలు కింద పెట్టాను. కాలికి నేల తగలగానే ఎంత హాయిగా అనిపించిందో చెబితే సిగ్గుచేటు. పరుగెత్తాలన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. అమ్మ కూడా లేదు.

"పోవే! దిగి పో! నా సంగతి వదిలెయ్!"

అద్దంలో చూశాను. అమ్మ కర్రతో నా సీటు వెనక బాదుతోంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. కట్టు కట్టిన కాలు అలాగే చాపి ఉంది.

కాలు లోపలికి లాక్కున్నాను. క్లచ్ తొక్కాను. పాదం జారిపోతే మళ్లీ తొక్కాను. టాప్ గేరు వేశాను, హ్యాండ్‌బ్రేకు లాగాను, రెండో కాలితో బ్రేకు మీద నా బరువంతా వేశాను. గేర్లో పెట్టి, బ్రేకు బిగబట్టి, క్లచ్ వదిలితే ఇంజిన్‌కి ఊపిరాడక ఆగాలి. బ్రేకు పట్టకపోతే మాత్రం వ్యాను అమ్మతో సహా ఎదురుగోడలోకి పోతుంది. క్లచ్ వదలడానికి భయం, వదలకుండా కూర్చోడానికి అంతకన్నా భయం.

"సీటు గట్టిగా పట్టుకో అమ్మా!" అని పాదం తీసేశాను.

వ్యాను ముందుకి ఎగిరింది. రెండుసార్లు కుదిపింది, కాలిన కంపు కొట్టింది, ఆగింది. చెవుల్లో హోరు తప్ప ఏ చప్పుడూ లేదు. గోడకీ బంపరుకీ మధ్య జానెడు చోటుంది.

బావ గోడ పట్టుకుని వచ్చాడు. "పాసయినట్టేనా మరదలా?" అన్నాడు. ఏం తిట్టానో గుర్తు లేదుగానీ, షెడ్డులో అందరూ తలలు దించుకున్నారు.

వేరే బండి మాట్లాడుకుని ఆసుపత్రికి వెళ్లాం. కట్టు విప్పే నర్సుకి అమ్మ కథంతా చెప్పింది. "మా అల్లుడుగారు పాపం పరుగెత్తారు, ఆయన గుండె అంతే. నా చిన్నది మాత్రం సీట్లోంచి అంగుళం కదిలితే ఒట్టు."

"అమ్మా, నేను..."

"నువ్వూరుకో," అంది నా వైపు చూడకుండా.

అంతలో నర్సు కట్టు కోసే రంపం ఆన్ చేసింది. గుయ్యిమని ఆ మోత చెవిన పడ్డ మరుక్షణం నేను తలుపు దగ్గరున్నాను. ఒక కాలు అప్పటికే గడప బయట.

అమ్మ ఆ కాలి వంక చూసింది. తర్వాత నా ముఖం వంక చూసింది.

"ఇలా రావే పిచ్చిదానా," అంటూ చెయ్యి చాపింది. "దీనికి స్విచ్చుందిలే."

వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. రంపం ఆగేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.