నక్తం నాటి మాత్ర

డాక్టరుగారి గది బయట ఫాను గాలికి వీళ్లందరూ హాయిగా కూర్చున్నారు, నాకేమో దుప్పటి కప్పుకున్నా వణుకే, మిట్టమధ్యాహ్నం గుంటూరులో ఆ దుప్పటేమిటే, నలుగురూ చూస్తున్నారు అంటుంది తోడికోడలు రాఘవమ్మక్క, చూడనీ, నా చలి నాది, చేతిలో మద్రాసు నుంచి వచ్చిన రక్తపరీక్ష కాగితం, ఇంగ్లీషు రాదు గాని అంకెలు అంకెలే, నలభై ఏడేళ్లకు పలక పట్టినా ఇవి నన్ను మోసం చెయ్యవు, టీఎస్‌హెచ్ ముప్పై ఒకటి, ఉండవలసింది అయిదులోపు, ఆషాఢంలో పన్నెండే, గొంతులో థైరాయిడ్ గ్రంథి మందగిస్తే తలలోంచి దానికి కేకలు పడతాయి, ఆ కేకల లెక్కే ఈ అంకె అన్నారు డాక్టరుగారు, పాలేరు కదలకపోతే ఆసామి గొంతు పెంచినట్టా అండీ అంటే, అంతే తల్లీ అని నవ్వి అప్పుడే ఒక మాత్రను ఒకటిన్నర చేశారు, మందు పెరిగితే కేకలు తగ్గాలి గదా.

నీ ఒంటికి మందు పట్టదే, ఆ రెండెకరాల మిరప వచ్చే ఏటికి మా ఆయనకు కౌలుకిచ్చి మూల కూర్చో అంటుంది అక్క, ఈసారీ తగ్గకపోతే ఇస్తానని అక్క మొగుడు బుల్లయ్య బావతో నేనే నోరు జారాను, నా పెనిమిటి పోయినప్పటి నుంచి నా చేత్తో నాటిస్తున్న చేను, కాళ్లు వాచినా గట్టున కూర్చుని కూలీలను అదిలించిన చేను, లేదు, మందు పట్టదంటే నమ్మను, శ్రావణంలో వాపు తీసింది, గొంతు బొంగురూ తగ్గింది, విత్తు మంచిదై నేల మంచిదై చేను వాడితే నీళ్లెప్పుడు ఆపామో చూసుకోవాలి.

మొన్న రక్తమిచ్చేటప్పుడు డాక్టరుగారు మాత్ర రోజూ వేసుకుంటున్నారా అంటే రోజూనండీ అన్నాను, అబద్ధం కాదు, రోజూ అంటే తినే రోజులే గదా, కార్తీకమంతా నక్తాలుంటిని, చుక్క పొడిచేదాకా నోట్లో ఏమీ పడకూడదని పొద్దున మానేశాను, అన్నం తిన్నాక పరగడుపు మాత్ర ఎలాగని రాత్రీ మానేశాను, ముప్పై రోజులు, కార్తీకం ముగిసి పోలిని స్వర్గానికి పంపిన నాలుగో రోజునే రక్తమిచ్చాను, అక్కా, మందు పట్టక కాదు, నేను వేసుకోక, అయ్యో, దేవుడి రోజుల్లో మాత్రలేమిటే అని ముక్కున వేలేసుకుంది, అక్కా, చేను ఇవ్వడం లేదని బావతో చెప్పు.

లోపలికి పిలుస్తున్నారు, రెండు మాత్రలు రాసేలోపే ఆ ముప్పై రోజుల సంగతీ డాక్టరుగారికి చెప్పెయ్యాలి, కార్తీకంలో నేను పస్తున్నా ఇంట్లో గేదెకు ఒక్క పూటైనా మేత మానలేదు, నక్తం నాది, గేదెది కాదు, నా గొంతులో గ్రంథిదీ కాదు.